ఒక్కసారే ఆడిన నాటకం

కోటబొమ్మాళి స్టేషన్లో టిక్కెట్ల కిటికీ చాలా కిందికి ఉంటుంది. లోపలి మనిషి ముఖం చూడాలంటే వంగాలి. వంగకపోతే చేతులు మాత్రమే కనిపిస్తాయి. పోయిన సోమవారం నేను ఆమదాలవలసకు టిక్కెట్టడిగి, డబ్బులు కిటికీలో పెట్టాను. వాటిని తీసుకోవడానికి వచ్చిన చేతులు రోజూ ఉండే ఆయనవి కావు. కుర్రవి, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

వంగి అడిగాను. "ఇక్కడుండే ఆయన సెలవు పెట్టారా?"

"పోయేరండి," అన్నాడు ఆ అబ్బాయి. "మొన్న బుధవారం పొద్దున్న. డూటీకొచ్చి, కోటిప్పి మేకుకి తగిలించేరంట. కుర్సీలో కూర్సున్నోరు కూర్సున్నట్టే ఉండిపోయేరు. నన్ను పలాస నుంచి పంపేరు. మీకాడ సిల్లర లేదేటండి?"

చిల్లర సంగతి నాకు వినబడలేదు. వెనకనున్న వాళ్ళు నన్ను పక్కకు తోస్తే తోయించుకుని గోడను ఆనుకుని నిలబడ్డాను. బండి వచ్చింది, వెళ్ళింది. చావు వార్తలు నాకు కొత్త కాదు. మా నాన్నగారు ఈ ఊళ్ళో సంఘకాపరి. మా ఇంటి తలుపు తట్టేవాళ్ళలో సగంమంది పోయినవాళ్ళ కబురుతోనే వస్తారు. కానీ ఈ మనిషి పోతాడని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆయన మీద ఒక అపనింద ఉంది. అది తీరకుండా ప్రభువు ఆయన్ని పిలవడని నాకు నేనే ఒక నమ్మకం పెట్టుకున్నాను. దానికి వాక్యంలో ఆధారమేమీ లేదు.

ఆయన్ని తలుచుకుంటే ముందు చేతులే గుర్తొస్తాయి. కుడి చూపుడువేలు చివర తేదీ వేసే సిరా ఎప్పుడూ నల్లగా ఉండేది. రోజంతా ఆ కిటికీలోంచి ఊరివాళ్ళ చేతులు చూసి చూసి, ముఖం అక్కర్లేకుండానే మనిషిని పోల్చేవాడు. నేను నోరు తెరవకముందే లోపల్నించి, "టీచరమ్మా, సుద్ద కడుక్కోకుండా వొచ్చీసినారు" అనేవాడు. ఒకసారి నన్ను పక్కన నిలబెట్టి ఒక పాఠం చెప్పాడు. "ఆసుపత్రికెల్లే సెయ్యి డబ్బుల్ని వొగ్గదు సూడండి, నేను లాక్కోవాల. పెల్లికెల్లే సెయ్యి ఇసిరీసినట్టు పెడతాది. కోర్టుకెల్లే సెయ్యి రెండుసార్లు లెక్కెట్టి, అప్పుడు పెడతాది." ఆ తరవాత వచ్చిన చెయ్యి డబ్బుల్ని వదల్లేదు. ఆయన నావైపు చూడలేదు. ఆ చేతిని మాత్రం మెల్లగా రెండు చేతుల్తోనూ పట్టుకుని, "తొరగా తగ్గిపోతాది నాయనా, ఎల్లిరా" అన్నాడు.

టీ తెప్పించుకుని వెంటనే తాగేవాడు కాదు. చల్లారి మీద మీగడలా పొర కట్టేదాకా చూసి, ఆ పొర వేలితో తీసి గోడకు రాసి, అప్పుడు తాగేవాడు. ఆయన కుర్చీ పక్కన గోడ మీద ఆ మరకలు వరసగా ఉండేవి. స్టేషన్ మాస్టరు తిట్టేవాడు. ఎండాకాలంలో కూడా కోటు వేసుకునే వచ్చేవాడు. రాగానే విప్పేసేవాడు. మరి ఎందుకు వేసుకోవడమంటే, "ఇప్పడానికి" అనేవాడు. నాటకాల పిచ్చి. వేషం వేసుకోవడమూ తీయడమూ రోజుకొకసారైనా జరగాలి.

ఆయనది వంశధార ఒడ్డున శ్రీముఖలింగం. తండ్రి అక్కడి దేవళంలో సన్నాయి వాయించేవాడు, అన్న ఇప్పటికీ వాయిస్తున్నాడు. ఈయన ఒక్కడే చదువుకుని రైల్వేలో చేరాడు. కొన్నేళ్ళు వాల్తేరులో పనిచేసి, తరవాత మా ఊరొచ్చాడు. వచ్చిన ఏడాదే గుమాస్తాలనూ బడి మాస్టర్లనూ కూడదీసి ఒక బృందం కట్టి, చుట్టుపక్కల పండగల్లో నాటకాలాడించాడు. విజయనగరంలో ఏటా నాటక పరిషత్తు పోటీలు జరుగుతాయి. అందులో తన నాటకం ఒకటి ఆడాలన్నది ఆయన కోరిక. ఒకటే కోరిక. భార్యతో కూడా దాని గురించే మాట్లాడేవాడని ఆవిడే ఒకసారి నవ్వుతూ చెప్పింది. "కూరలో ఉప్పు సరిపోయిందా అంటే 'పరిసత్తింకా ఎన్నాల్లుందే' అంటారమ్మా."

ఆ నాటకానికి మూలం ఒక రష్యా కథ. చవగ్గా దొరికే దళసరి అట్ట పుస్తకమొకటి విజయనగరం సంతలో కొన్నాడు. రాసినాయన పేరు ఆయన నాలుక తిరిగేది కాదు. ప్రతిసారీ ఒక కొత్త పేరు పలికేవాడు. చివరికి విసుగొచ్చి 'రష్యా మావ' అని పెట్టేశాడు. అప్పట్నించి ఆ మావతో ఈయనకు రోజూ తగవే. "మావ ఇక్కడ మంచు కురిపించీసినాడు. నాను యాడ తెచ్చేది? దూది సల్లితే కోటబొమ్మాళి జనం పరుపు సిరిగిందనుకుంటారు." "మావ పాత్రలందరికీ ఉన్ని కోట్లు తొడిగేడు. మనోలు కోటేసుకుంటే ఇనస్పెట్టరొచ్చేడని పారిపోతారు."

కథ చిన్నది. ఒక పెద్ద నది, దాని మీద ఒక పడవవాడు. చలి ముదిరి నదిలో మంచుగడ్డలు కొట్టుకొస్తున్న రాత్రి, అవతలి ఒడ్డు నుంచి ఎవరో పడవ కోసం పిలుస్తారు. పడవవాడు వింటాడు. లేవబుద్ధి కాక అటు తిరిగి పడుకుంటాడు. తెల్లారి చూస్తే అవతలి మనిషి గడ్డకట్టి చచ్చిపోయి ఉంటాడు. ఎవరూ పడవవాణ్ణి అనుమానించరు. ఏళ్ళు గడుస్తాయి. వాడు తన తప్పును ఒక పూజారి చెవిలో చెప్పుకుంటాడు. అంతే కథ.

మంచును ఆయన సులువుగానే దాటాడు. మంచుకు బదులు వంశధారకు వరద తెచ్చాడు. పొయ్యి పక్కన పడుకునే పడవవాణ్ణి రేవులో పాకలో పడుకోబెట్టాడు. పూజారి దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ఏడాది పైగా ఆ ఒక్కచోటే ఆగిపోయాడు.

"మనోడు తప్పు సేస్తే ఎవుడికి సెప్తాడు టీచరమ్మా? గుడికెల్తాడు, కొబ్బరికాయ కొడతాడు, మునుగుతాడు, గుండు సేయించుకుంటాడు. నోరిప్పి మాత్రం సెప్పడు. నోరిప్పకపోతే నాటకమెలా ఔతాది?"

నేను ఊరికే అన్నాను, మా సంఘంలో సాక్ష్యం చెబుతారని. మరునాడే మా ఇంటి అరుగు మీదున్నాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. వేరేచోట్ల ఉందో లేదో నాకు తెలీదు. తప్పు చేసినవాడు ఆరాధన ముగిసేముందు ముందుకు వచ్చి మోకాళ్ళ మీద ఉండి అందరి ముందూ చెప్పాలి. ఆ తప్పువల్ల నష్టపోయిన మనిషి లేచి, "నిన్ను క్షమించాను" అనాలి. ఆ మాట వచ్చేదాకా పాట ఎత్తకూడదు, ఎవరూ కదలకూడదు. వచ్చాక ఇంక ఆ సంగతి సంఘంలో ఎవరూ ఎన్నడూ ఎత్తకూడదు. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. కోడిని దొంగిలించినవాడూ చెప్పాడు, తోడికోడలి బిడ్డకు శాపనార్థం పెట్టినావిడా చెప్పింది. అబద్ధం చెప్పడానికి ఆ చోట మోకాళ్ళూనినవాళ్ళు లేరు.

"మీరు ప్రభువును నమ్ముతారా?" అని మా నాన్నగారు అడిగారు.

"నమ్మినోన్ని కాదండి. నమ్మనోన్నీ కాదు. తెల్లారగట్ల సన్నాయూది దేవుణ్ణి లేపడం మా ఇంటి పని. లేపే ఇంట్లో పుట్టినోలికి దేవుడంటే బయముండదు."

"మరి మా కూటంలో ఏం పని?"

"తప్పు సెప్పినప్పుడు మనిసెలా ఉంటాడో సూడాల. సివరి బల్ల మీద కూర్సుంటాను. నోరిప్పను."

వినడానికి వచ్చిన చెవిని ఆపే అధికారం తనకు లేదన్నారు నాన్నగారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా వాళ్ళ కన్నీళ్ళను కొలత పెట్టుకోవడానికి వస్తున్నాడనిపించింది. రెండో ఆదివారమో మూడో ఆదివారమో మా గుడి బయట నిలదీశాను.

"మీకిది ఆటగా ఉందా?"

"ఆటే టీచరమ్మా," అన్నాడు, కోపం లేకుండా. "ఆటలో అబద్ధమాడితే జనం లెగిసి ఎల్లిపోతారు. మీకాడ అబద్ధమాడినా ఎవులూ లెగరు, మర్యాదస్తులు. అందుకే నాకు బయం, మీకు నేదు." తరవాత చేతులు చూపించాడు. "ఒకటి సూసేను. తప్పు సెప్పీముందు మనిసికి సేతులెక్కడెట్టాలో తెలీదు. ఎతుక్కుంటాడు. సెప్పీసినాక ఎక్కడున్నాయో మర్సిపోతాడు."

 అప్పట్నించి నేనూ మోకాళ్ళూనినవాళ్ళ చేతులే చూస్తున్నాను. అది మంచిదో కాదో తెలీదు.

నాటకం పూర్తయింది. రష్యా పూజారి పాత్ర పోయింది. పడవవాడు ప్రేక్షకుల వైపు తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళకే చెబుతాడు. చెప్పాక ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దంలో తెర పడుతుంది. నాన్నగారు ప్రతి చదివి, ఇది పశ్చాత్తాపం గురించిన కథ కనుక కోతల పండుగ సాయంత్రం మా గుడి ఆవరణలోనే ఆడమన్నారు. విజయనగరం పరిషత్తుకు ముందు అదొక పరీక్షలా ఉంటుందని ఆయన సంతోషించాడు. తెర వెనక ప్రతి పట్టుకుని మాటలందించే పని నాకొచ్చింది.

కోతల పండుగకు మా వాళ్ళు కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి ప్రభువుకు అర్పిస్తారు. వాటి వేలం అయ్యేసరికి పొద్దు వాలింది. పెట్రోమాక్సు లైట్లు రెండు వెలిగించారు. గుడి మెట్లే వేదిక. గుడి చిన్నది, ఆరాధన ఆవరణలోనే జరుగుతుంది కనుక ఆదివారాల్లో మోకాళ్ళూనే చోటుకూ పడవవాడి చోటుకూ రెండు మూరల దూరం కూడా లేదు. ఇది అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ముందు వరసలో చాపమీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మేమంతా ఆవిడను పెద్దమ్మా అంటాం. ఆవిడ 'మా మావ' అని చెప్పుకునే భర్త సువార్త పుస్తకాలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడట. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు వంశధార వరదలో పోయాడు. అంతకుమించి నాకు తెలీదు. ఆ ఏట్లో పోయినవాళ్ళు ఒకరా ఇద్దరా.

చివరి రంగం. పడవవాడి వేషంలో ఆయన మోకాళ్ళ మీదికి వంగాడు. చేతులు వెతుక్కున్నాడు. 

"ఆ రాత్రి నాకు వినబడింది," అన్నాడు. "మూడుసార్లు పిలిసేడు. నాకు మెలకువగానే ఉంది. ఎవులదీ గొంతు, మనోడేనా కాదా అనుకున్నాను. మనోడు కాదులెమ్మని అటు తిరిగి పడుకున్నాను."

ప్రతిలో అక్కడ పడవవాడి మాటలు అయిపోతాయి. తెర తాడు పట్టుకున్న మా సంఘం వడ్రంగి నావైపు చూశాడు. నేను తల ఊపబోయాను. ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు.

"పిలిసి పిలిసి ఊరుకున్నాడు. ఊరుకుని, పాటెత్తుకున్నాడు. నీల్లు నడుందాకా వొచ్చినా పాడతన్నాడు. నాను ఇన్నాను."

ప్రతి తిప్పి చూశాను. పాట సంగతి అందులో ఎక్కడా లేదు.

ఆయన కోరిన నిశ్శబ్దం వచ్చింది. తెర పడాలి. పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఏటి పాట నాయినా?"

ఎవరూ నవ్వలేదు. ఆవిడ ముందుకు నడిచి మెట్ల దగ్గరికి వచ్చింది. "మా మావ బయమేస్తే పాడీవోడు. సీకట్లో నడిసొస్తే పాడుకుంటా వొచ్చీవోడు. రేవులో ఉన్నోలు ఏటీ ఇన్లేదన్నారు. పదేనేల్లు అడిగేను, ఏటీ ఇన్లేదన్నారు. నువ్వు ఇన్నావా? ఏటి పాట?"

తెర తాడు పట్టుకున్న చేతులు బిగుసుకుపోయాయి. మా నాన్నగారు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు. అందరూ చూస్తున్నది ఒక నాటకమని మా అందరికీ తెలుసు. తెలిసీ ఒక్కరికీ 'ఇది నాటకం పెద్దమ్మా' అనే నోరు రాలేదు. ఆ చోట మోకాళ్ళ మీద ఉన్న మనిషి చెప్పింది నిజమని నమ్మడం మాకు పుట్టుకతో వచ్చింది.

ఆయన ముఖం నాకు పక్కనుంచి కనబడుతోంది. రంగు కింద నెత్తురు దిగిపోయింది. పెదవులు 'అమ్మా' అని కదిలాయి. ఇప్పుడు చెప్పేస్తాడనుకున్నాను. నేను రైలు గుమాస్తానమ్మా, పడవ ముట్టి ఎరగనమ్మా అంటాడని చూస్తున్నాను.

"మాటలు గాలి పట్టుకుపోయిందమ్మా," అన్నాడు. "రాగమే వినబడింది."

అని కళ్ళు మూసుకుని గొంతు విప్పాడు. ఆదివారాల్లో చివరి బల్ల మీద కూర్చుని విన్న మా కీర్తనల్లో ఒకదాని వరస. మాటల్లేవు. సన్నాయి వాళ్ళింటి గొంతు, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో తెలీలేదు.

పెద్దమ్మ విన్నది. తరవాత, మా పద్ధతిలో ఎలా అనాలో అలాగే, అందరికీ వినబడేటట్టు అన్నది. "నిన్ను సెమించేను."

మా నాన్నగారు ఆ మాట విన్నాక పాట ఎత్తక ఏం చేస్తారు? ఎత్తారు. అంతమందీ లేచి పాడారు. తెర ఎవరూ దించలేదు. ఆయన ఆ మెట్టు మీదే మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతులు ఎక్కడున్నాయో ఆయనకు తెలీదు.

జనం వెళ్ళాక గుడి వెనక ఆయన నూనెతో రంగు తుడుచుకుంటుంటే నేనూ నాన్నగారూ పక్కన నిలబడ్డాం.

"పాట సంగతి మీకెలా తెలుసు?" అన్నాను.

"మొన్న రేవుకెల్లేను, పడవోల మాట ఎలా ఉంటాదో విందామని. ఒక ముసలోడు కల్లు తాగి సెప్పేడు, ఎనకటికి వరదలో ఎవడో పాడతా పోయేడని. బాగుందని ఏసీసినాను." నూనె గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. "బాగుందనీసి ఏసీసినాను టీచరమ్మా. ఆవిడ మొగుడని నాకేటి తెలుసు?"

"ఆ వరద రోజుల్లో మీరెక్కడున్నారు?" అన్నారు నాన్నగారు.

"వాల్తేరులో. మా పెద్దోడు పుట్టింది ఆ నెల్లోనే. పడవేటి బాబూ, నాకు ఈతే రాదు."

"అయితే ఆదివారం ఆవిడకు చెప్పేద్దాం. అబద్ధ సాక్ష్యం మా దగ్గర పెద్ద పాపం."

ఆయన మళ్ళీ రంగు తుడుచుకోసాగాడు. "ఆవిడ సెమించీసింది కదండీ," అన్నాడు. "ఇప్పుడది నాటకమంటే, ఆవిడ దాన్నట్టుకెల్లి యాడెట్టుకుంటాది? నాకాడ ఉండనీండి."

పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం కూడదని ఆజ్ఞ. తన మీద తానే పలుక్కుంటే ఏమిటని ఆ రాత్రి నేను గ్రంథమంతా తిరగేశాను. నాకు దొరకలేదు. నాన్నగారికీ దొరకలేదు. మా ఇద్దరి దగ్గరా ఆయన మాట తీసుకున్నాడు, ఆవిడ బతికున్నంతకాలం నోరు విప్పకూడదని.

మా సంఘం తన పద్ధతి ప్రకారం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఊరు మా సంఘం కాదు. వారం తిరక్కుండానే కథ అల్లేశారు. పడవవాడు కాకపోతేనేం, రేవు ఆయన ఊరు ముఖలింగానిదే కదా, ఆ రాత్రి పాకలో ఉన్నాడట, పడవ తియ్యబోయిన వాణ్ణి వద్దన్నాడట. క్రైస్తవుడని వద్దన్నాడట. టిక్కెట్ల కిటికీ దగ్గర కొందరు డబ్బులు పెట్టి చెయ్యి గబుక్కున లాక్కునేవారు. "ఒరే పడవా, పలాసకొకటి తియ్" అని వెక్కిరించినవాణ్ణి నేను చెవులారా విన్నాను. ఆయన టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు. నాటక బృందం చెదిరింది. ముఖలింగంలో అన్నగారు గడప తొక్కొద్దన్నాడు. దేవుణ్ణి లేపే ఇంటికి మనిషిని చంపిన మచ్చ తెచ్చావన్నాడట. శివరాత్రికి ఆయన ఊరెళ్ళడం మానేశాడు.

పరిషత్తుకు నాటకం వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, "ఇంకోసారి ఆడితే అది నాటకమని తెలిసిపోతాది కదా" అన్నాడు. అంత మామూలుగా అన్నాడు. రష్యా మావతో తగవులు కూడా మానేశాడు. ఆ పుస్తకం మళ్ళీ ఆయన చేతిలో చూడలేదు.

ఒకే ఒక్క చెయ్యి కోసం ఆయన లేచేవాడు. పెద్దమ్మ సంతకొచ్చినప్పుడల్లా స్టేషన్‌కు వచ్చి ఆ కిటికీలో ఉత్తచెయ్యి పెట్టేది. ఆయన వెంటనే కుర్చీ వెనక్కి తోసి బయటికి వచ్చేవాడు.

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికీ కాదు నాయినా. సూసి పోదామని."

మూడేళ్ళు ఇలా జరిగింది. అందుకే ఆ సోమవారం నేను ఆమదాలవలస ప్రయాణం మానుకుని తిన్నగా పెద్దమ్మ గుడిసెకు వెళ్ళాను. ఆవిడ చేటతో నువ్వులు చెరుగుతోంది. చెప్పాను. చేట కింద పెట్టింది.

"ఆ బాబు కాదు టీచరమ్మా," అన్నది.

నేను అర్థం కానట్టు చూశాను.

"మా మావని వొగ్గీసినోడు ఆ బాబు కాదు. నాకు తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆ పండగైన పదినాల్లకే ఆలావిడొచ్చింది ఇక్కడికి. నా కాల్లట్టుకుంది. మా పెద్దోడు వాల్తేరులో పుట్టేడు, ఆ వరద నెల్లోనే పుట్టేడు, మా ఇంటాయన నా మంచం కాడే ఉన్నాడు, ఊల్లో ఒక్క మాట సెప్పమ్మా అంది. నానేటన్నానో తెలుసా? నీ మొగుడు సెప్పేడు, నాను ఇన్నాను, పో అన్నాను. తలుపేసీసుకున్నాను."

 అక్కడే కింద కూర్చున్నాను. మా సంఘమంతా నోటితో ఎత్తకపోయినా మనసులో పదిలంగా దాచుకున్న క్షమ అది. నేను బడిలో పిల్లలకు క్షమ గురించి చెప్పినప్పుడల్లా తలుచుకున్నది.

"ఎందుకు పెద్దమ్మా?"

"పదేనేల్లు నాకు కోప్పడ్డానికి మనిసి దొరకలేదు. ఏటి గట్టునెల్లి కూర్సుని ఏరుని తిట్టీదాన్ని. ఏరు ఇంటాదా? ఆ సాయంత్రం ఒకడు దొరికేడు. దొరికినోన్ని సెమించేను. ఆ రేతిరి నాకు నిద్దరొచ్చింది టీచరమ్మా. పదేనేల్లకి నిద్దరొచ్చింది. ఆ బాబు కాదంటే మల్లీ ఏటి గట్టుకెల్లాల." చీర చెంగు నోట్లో కుక్కుకుంది. "ఆ బాబుకీ తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసనుకుంటాను. వొచ్చి నిలబడీవోడు. ఏటీ అడిగీవోడు కాదు."

కాసేపటికి తనే లేచింది. "నన్ను ఆలింటికి తీసుకెల్లు. ఆదివారం గుల్లో సెప్తే ఏటుంది? తప్పు ఆలకి సేసేను."

పోయాక అన్నగారే వచ్చి శవాన్ని ముఖలింగం తీసుకుపోయాడట. చచ్చినవాడికి గడప అడ్డం పెట్టలేకపోయాడు. మేం ముఖలింగంలో వాళ్ళింటికి వెళ్ళింది పదో రోజు. వాకిట్లో తాటాకు పందిరి. చుట్టాలంతా ఏటి స్నానం చేసి వచ్చి వరసగా కూర్చున్నారు. అరిటాకులు వేస్తున్నారు. ఆయన భార్య గోడవారగా చాపమీద ఉంది. పెద్దమ్మను చూడగానే ఆవిడ మొహం రాయిలా అయిపోయింది.

"ఎవులమ్మా మీరు?" అన్నాడు అన్నగారు.

పెద్దమ్మ జవాబివ్వలేదు. వరస మధ్యనుంచి నడిచి, ఆకులు తొక్కకుండా చీర ఎత్తిపట్టుకుని వెళ్ళి, ఆ భార్య ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ ఇంట్లో అలా కూర్చోవడమేమిటో ఎవరికీ తెలీదు. ఎవరో "ముసల్దానికి కల్లు తిరిగేయేటి, నీల్లు తేండి" అన్నారు.

"నీ మొగుడు మా మావని సంపలేదు," అన్నది పెద్దమ్మ. "పడవ తిప్పనన్నది నీ మొగుడు కాదు. అది నాటకం. నాకు తెలుసు. నువ్వొచ్చి సెప్పినా ఊల్లో సెప్పలేదు. నా నిద్దర కోసం నీ మొగుణ్ణి దొంగని సేసేను."

వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. అన్నగారు చేతిలో నీళ్ళ చెంబుతో అలాగే నిలబడ్డాడు. ఆయన భార్య పెద్దమ్మను చూడటం లేదు. పెద్దమ్మ తల మీదుగా ఆ వరసను చూస్తోంది, ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒక్కొక్క ముఖాన్నీ.

"మల్లీ సెప్పు," అన్నది. "ఆ సివరోలికి వినబల్లేదు."

పెద్దమ్మ మళ్ళీ చెప్పింది. ఈసారి గొంతెత్తి చెప్పింది. మధ్యలో ఒక మాట తప్పిపోతే ఆగి, మొదటినుంచి చెప్పింది. అన్నగారి చేతిలో చెంబు ఒరిగి నీళ్ళు నేలమీద పడుతున్నాయి. ఆయన చూసుకోలేదు.

చెప్పడం అయ్యాక పెద్దమ్మ మోకాళ్ళ మీదే ఉండిపోయింది. దేనికోసం ఉందో ఆ పందిరి కింద నాకొక్కదానికే తెలుసనుకున్నాను.  ప్రభువా, ఆ ఒక్క మాట అనిపించు అని ప్రార్థించాను.

"అలా సూడకు," అన్నది ఆయన భార్య. "మీకాడ ఏదో అంటారంట కదా. నాను అన్లేను. ఆయనుంటే అనీవోరేమో, నాను అన్ను." వడ్డించేవాళ్ళవైపు తిరిగింది. "ఈవిడికి ఆకెయ్యండి. పొద్దున్నేటీ తినినట్టు నేదు."

పెద్దమ్మ లేవలేదు. ఆకు తెచ్చినవాడు ఎక్కడ వెయ్యాలో తెలీక అటూ ఇటూ చూసి, మోకాళ్ళ మీదున్న ఆవిడ ముందే వేశాడు. అన్నం పెట్టారు, పప్పు పోశారు. నా నోటిలో పాట ఉంది. ఎత్తడానికి లేదు, ఆ మాట రాలేదు. పెద్దమ్మ చేతులు కాసేపు వెతుక్కున్నాయి. తరవాత ఆ ఇంటి అన్నం కలుపుకుని తినసాగింది.